మైనపు మెట్ల కిన్నెర

అంగారగిరికి ఆ పేరు పెట్టినవాడెవడో గాని, దూరం నుంచి చూసే పెట్టి ఉంటాడు. దగ్గరికి వచ్చినవాడికి పేర్లు పెట్టే ఓపిక మిగలదు. కుంకుమ రంగు శిఖరాలు, వాటి మీద పసుపు పూసినట్టు గంధకపు పొరలు, పగుళ్ళలోంచి సన్నగా లేచే నీలిపొగలు, ఆ పొగల అడుగున మెలికలు తిరిగే నిప్పువాగులు, ఎండ సోకినప్పుడల్లా ఏడురంగులూ వెదజల్లే గాజుబండలు. కవి అయినవాడు అక్కడ నిలబడితే నాలుగు సీసపద్యాలు చెప్పందే కదలడు. ఆ మధ్యాహ్నం అక్కడ నిలబడిన ఇద్దరికీ మాత్రం దాహం తప్ప మరే భావమూ కలగలేదు.

ఆ ఇద్దరిలో ఒకడు మణిమంత రాజ్యపు యువరాజు హేమాంగదుడు. చెబితే ఎవరూ నమ్మరనుకోండి. చిరుగుల గొంగడి, రంగు వెలిసిన తలపాగా, భుజాన మూడు సొరబుర్రల కిన్నెర, దువ్వెన మొహం ఎరగని గడ్డం. గొంగడి కింద దాచిన కత్తి ఒక్కటే రాజభవనం నుంచి వచ్చినట్టు కనిపిస్తుంది. రెండో మనిషి సిద్దవ్వ. డెబ్బై దాటిన కిన్నెరగత్తె. ఊరూరా తిరిగి కిన్నెర మీటుతూ కథలు చెప్పుకుని బతికిన వంశం ఆమెది. ఆమె మోకాళ్ళు అడుగుకొక మూలుగు మూలుగుతాయి. నడుముకు వేలాడే ఆముదపు బుడ్డి వాటి కోసమే. ఆగిన చోటల్లా రెండు చుక్కలు రుద్దుకుని మళ్ళీ లేస్తుంది.

సరిగ్గా ఏడాది కిందట కరాళజిహ్వుడనే నల్లనాలుక మాంత్రికుడు హేమాంగదుడి చెల్లెలు కువలయను దీపశిఖగా మార్చి ఎత్తుకుపోయాడు. ప్రమిదలో ఏడాదికి సరిపడా చమురు పోసి, ఈ కొండ కడుపులో దాచాడు. చమురు అయిపోయి దీపం దానంతటది ఆరిపోయాక, ఆ వత్తి మసితో కాటుక పెట్టుకుంటే లోకంలో ఎవరి కంటికీ కనపడకుండా తిరగవచ్చునని వాడి ఆశ. ఆ చమురుకు ఈవేళ సూర్యాస్తమయమే గడువు. దీపం ఆరితే కువలయ ఇక లేదు.

హేమాంగదుణ్ణి కొరుక్కుతింటున్న సంగతి మరొకటి ఉంది. ఆ రోజు పొద్దున కువలయ ఆయుధశాలకు వచ్చి, “అన్నా, ఒక్కమాట” అంది. అతను కత్తి నూరుకుంటున్నాడు. తల కూడా ఎత్తకుండా, తర్వాత చెప్పమన్నాడు. ఆ తర్వాత అనేది రానేలేదు. మధ్యాహ్నానికి ఆ పిల్ల గదిలో కాలిన వాసన, కిటికీలో ఒక గద్ద ఈక మాత్రం మిగిలాయి. నూరిన కత్తి మాత్రం మహా పదునుగా ఉంది.

అప్పటినుంచి నడుస్తూనే ఉన్నాడు. ఏడు నదులు దాటాడు, రెండింటిలో మునిగాడు. మరుగుజ్జుల చెరలో నెలరోజులు పిండి విసిరాడు. గాజుటెడారిలో గుర్రం చచ్చిపోతే జీను తానే మోశాడు. ఇంత నడక నడిచిన మనిషికి కోపం, ఆవేశం, పౌరుషం వగైరాలన్నీ అరిగిపోయి ఒక్క అలసటే మిగులుతుంది. బయలుదేరే రోజున రాజవైద్యుడు సోమకాంతుడు అతనికి సంచెడు గుళికలు ఇచ్చాడు. పొద్దున్నే ఒకటి మింగితే అలుపు దరిచేరదన్నాడు. హేమాంగదుడు ఒక్కరోజూ మందు మానలేదు. అలుపూ అతన్ని ఒక్కరోజూ మానలేదు. మంచం పట్టిన తండ్రి రుక్మసేన మహారాజు పక్కన పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా, తానే ఏరికోరి నియమించిన ఆ వైద్యుడు కూర్చుని ఉంటాడన్న ధైర్యం మాత్రం అతనికి కొండంత ఉండేది.

కొండ దిగువ ద్వారం దగ్గర రాతిభటులు కాపలా ఉంటారు. వాళ్ళు కిన్నెరవాళ్ళను తప్ప మరొకరిని పోనివ్వరు. మాంత్రికుడి తల్లి ఏనాడో కిన్నెర వింటూ హాయిగా కన్నుమూసిందట, అది ఆమె కోసం పెట్టిన కట్టడి. అందుకే హేమాంగదుడు ఆరునెలల కిందట సిద్దవ్వ కాళ్ళ మీద పడి శిష్యుడయ్యాడు. వాయించేది ఆమె, మోసేది అతను. గుహలో ఆమె కిన్నెర మీటుతూ ఉంటే అతను దీపం తీసుకోవాలి. ఒప్పందం ఇంతే. రాతిభటుల దగ్గర ఆ ఒప్పందం చక్కగా పనిచేసింది కూడా. సిద్దవ్వ నాలుగు మీట్లు మీటగానే ఆ బండమొహాలవాళ్ళు పక్కకు జరిగి దారి ఇచ్చారు.

గుహలోకి దారి కొండ నడినెత్తిన ఉంది. అది దారి కాదు, బావి. తాటిచెట్టు లోతు. ఒక ఇనుపగొలుసు లోపలికి వేలాడుతోంది. మాంత్రికుడు రోజూ తెల్లవారగానే గద్దయి ఆ బావిలోంచి ఎగిరి ఎటో పోతాడు, చీకటి పడేవేళకు తిరిగి వస్తాడు. ఎక్కడికి పోతాడో రాతిభటులకూ తెలియదు.

హేమాంగదుడు కిన్నెరను వీపుకు కట్టుకుని ముందు దిగాడు. సిద్దవ్వ అతని భుజాల మీద కాళ్ళు ఆనించి వెనకే దిగింది. సగం దూరం సవ్యంగానే నడిచింది. సగం దగ్గర బావిగోడలో పొడుచుకొచ్చిన రాళ్ళు కళ్ళు తెరిచాయి. అవి రాళ్ళు కావు, రాతిగద్దలు. ఒకటి అతని తలపాగా ఎగరేసుకుపోయింది. రెండోది చెవి పక్కగా దూసుకుపోయి గొలుసును తన్నింది. గొలుసు గడియారపు లోలకంలా ఊగి ఇద్దరినీ అటు గోడకు కొట్టింది, ఇటు గోడకు కొట్టింది. హేమాంగదుడు ఒంటిచేత్తో వేలాడుతూ కత్తి దూసి మూడోదాని ముక్కు నరికాడు, నాలుగోదాని రెక్క నరికాడు. అయిదోదాన్ని నరకబోతే అది సిద్దవ్వ కొంగు పట్టుకుని గుంజింది. ముసలిది పట్టు తప్పి అతన్ని దాటి కిందికి జారింది. కుడిచేత్తో గొలుసును పట్టుకుంది. కింది నిప్పువాగుల సెగకు ఆ భాగం ఎర్రగా కాలి ఉంది. అయినా వదల్లేదు. వదిలితే పడేది అడుగున ఉన్న బండల మీదే. అలా పట్టుకునే అడుగుదాకా జారింది.

కింద పడ్డాక ఆమె లేచి కూర్చుంది. చెయ్యి విప్పి చూసుకుంది. అరచెయ్యి, వేళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. హేమాంగదుడు గొంగడి చేతులకు చుట్టుకుని వెనకే దిగాడు. తలపాగా పోయింది కనుక గొంగడి అంచు చింపి ఆ చేతికి కట్టు కట్టాడు.

అప్పుడు తలెత్తి చూశాడు.

ఆ గుహ ఒక సభామంటపమంత ఉంది. స్ఫటికపు స్తంభాలు పైకప్పును మోస్తున్నాయి. ఒక్కొక్క స్తంభంలో ఒక్కొక్క నిప్పువాగు గడ్డకట్టి నారింజరంగులో వెలుగుతోంది. గోడల వెంట కరిగిన రాయి పాలు మరిగినట్టు నెమ్మదిగా మరుగుతోంది. పైన బావినోటి నుంచి దిగిన ఎండ తూర్పుగోడ మీద గుండ్రటి బిళ్ళగా పడి ఉంది. ఆ బిళ్ళ అంగుళం అంగుళంగా పైకి పాకుతోంది. అది కప్పు అందుకుందంటే సూర్యాస్తమయమైనట్టే.

మధ్యలో ఒక అలుగు చుట్ట చుట్టుకుని పడుకుని ఉంది. అడవిలో చీమలు తిని బతికే అలుగు చంకలో పెట్టుకునేంత ఉంటుంది. ఇది ఏనుగంత ఉంది. ఒక్కొక్క పొలుసు ఇత్తడి తాంబాళమంత. తల కడుపులోకి దోపుకుని, తోక తల మీద కప్పుకుని, సందు లేకుండా బిగుసుకుని ఉంది. ఆ బిగువులోంచి, పొలుసుల మధ్య నుంచి, సన్నటి వెలుగుగీత ఒకటి బయటికి వస్తోంది. దీపం దాని కడుపులో ఉంది. చుట్టూ విరిగిన కత్తులు, వంగిన గునపాలు, సొట్టలు పడ్డ శిరస్త్రాణాలు. ఇంతకుముందు వచ్చిన వీరుల సరంజామా అంతా అక్కడే ఉంది. వీరులే లేరు.

హేమాంగదుడు కత్తి దూశాడు. సిద్దవ్వ వద్దంటున్న మాట అతని చెవిన పడింది గాని, బుర్రలోకి పోలేదు. రెండు పొలుసుల మధ్య సందులో కత్తిమొన దూర్చి తిప్పాడు. అలుగు ఒళ్ళంతా ఒక్కసారి ఝల్లుమంది. చుట్ట ఇంకా బిగిసింది. ఏడాదిపాటు నూరిన కత్తి పటుక్కున రెండు ముక్కలయింది. తోక విదిలిస్తే యువరాజుగారు వెళ్ళి స్తంభానికి గుద్దుకుని, గోడ పక్కన కూలబడ్డారు. వెలుగుగీత వెంట్రుకంత సన్నమయింది.

సిద్దవ్వ పాకుతూ వచ్చి పక్కన కూర్చుంది.

“ఇది కావలి కాదు బిడ్డా, భయం,” అంది. “పొలుసుల మీద వాతలు సూడు, పిల్లప్పుడే పట్టుకొచ్చి కొరడాలతోని పెంచిండు ఆ మాంత్రికుడు. భయమైతే అలుగు చుట్ట చుట్టుకుంటది. ఎంత పొడిస్తే గంత బిగుస్తది. దానంతటదే ఇప్పుకోవాలె.”

ఆమె కిన్నెర వాయిస్తే దాని భయం తీరి విప్పుకునేదే. ఆ కుడిచెయ్యి ఇప్పుడు ఒక పేలికల మూట. ఇద్దరూ ఆ చేతిని చూశారు, కిన్నెరను చూశారు, మళ్ళీ చేతిని చూశారు. ఇక వాయించవలసింది ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పనక్కరలేదు.

హేమాంగదుడికి కిన్నెర రాదని కాదు. ఆరునెలలుగా నేర్చుకుంటున్నాడు. ఒక పాట మొదటి నుంచి చివరిదాకా తప్పు లేకుండా వాయించగలడు. కాకపోతే అతను వాయిస్తుంటే ఎవరి మీదికో దండెత్తి పోతున్నట్టు ఉంటుంది. దారిలో పల్లెల వాళ్ళు విని, కుర్రాడికి బలం బాగా ఉందనేవారు. అంతకుమించి ఎవరూ మెచ్చుకోలేదు.

కిన్నెర సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. పొడుగాటి వెదురు, కింద సొరబుర్రలు, పైకొసన కొయ్యనెమలి. వెదురు మీద తంతి కింద పన్నెండు మెట్లు. సిద్దవ్వ కిన్నెర మెట్లు అడవిలో దొరికిన అలుగు పొలుసులు. వాటిని మేకులతో కొట్టరు, తేనెమైనంతో అతికిస్తారు. ఆ గుహసెగకు మైనం మెత్తబడిపోయింది. హేమాంగదుడికి ఆ ధ్యాస లేదు. కూర్చున్నాడు, పళ్ళు బిగించాడు, తంతి మీద వేలు పెట్టి తన అలవాటు ప్రకారం నొక్కాడు.

మూడో మెట్టు పక్కకు జారింది. పలకవలసిన స్వరం బదులు పిల్లి తోక తొక్కినట్టు ఒక కీచు వచ్చింది. కంగారుపడి ఇంకా గట్టిగా నొక్కాడు. నాలుగోదీ జారింది, అయిదోదీ జారింది. పాట మాత్రం ఆపలేదు. తప్పిన చోటల్లా వేగం పెంచాడు. అలుగు ఒంటి మీద పొలుసులన్నీ నిక్కబొడుచుకున్నాయి. వెలుగుగీత ఒకసారి ఆరి, వెలిగి, మళ్ళీ ఆరి వెలిగింది. గోడ మీద ఎండబిళ్ళ కప్పుకు రెండు బారల దూరంలో ఉంది.

హేమాంగదుడు ఆపేశాడు. చెమట కళ్ళలోకి కారుతోంది. కిన్నెర పగలగొట్టాలనిపించింది. ఏడవాలని కూడా అనిపించింది. ఆ రెండింటికీ చాలినంత శక్తి లేక ఊరుకున్నాడు.

“నాకు రాదవ్వా,” అన్నాడు. “ఇంతదూరం వచ్చి, నా చేతులతో నేనే దాన్ని ఆర్పేస్తాను.”

సిద్దవ్వ ఎడంచేత్తో ఆముదపు బుడ్డి విప్పి మోకాలికి రెండు చుక్కలు రుద్దుకుంది. తర్వాత అంది:

“ఆర్నెల్లు నాతాన పాట నేర్చుకున్నవు. ఇనుడు నేర్వలే. తొలి మీటు యాదికున్నదా?”

జ్ఞాపకం లేకేం. సిద్దవ్వ వంశంలో అదొక ఆచారం. కిన్నెర ఒళ్ళోకి తీసుకోగానే వట్టితంతిని ఒక్కసారి మీటాలి. ఆ మీటు ఏ పాటకూ చెందదు. బుర్రకు చెవి ఆనించి, అది పూర్తిగా అణగిపోయేదాకా వినాలి. వినపడినంతసేపూ రెండో మీటు మీటకూడదు. వాళ్ళ పిల్లలకు మొదటి ఏడాది చదువంతా అదే. హేమాంగదుడు మొదటిరోజు భక్తిగానే విన్నాడు. రెండోరోజు నుంచి, ఇదేదో దండం పెట్టుకోవడం లాంటిది కాబోలనుకుని, మనసులో ఒకటి రెండు మూడు లెక్కపెట్టి పాటలోకి దూకేసేవాడు. తర్వాత, తర్వాత అని చెల్లెలికి చెప్పినట్టే ఆ మీటుకూ చెప్పాడు.

“మెట్టు జారితే జారనీ,” అంది సిద్దవ్వ. “స్వరం యాడికి పోయిందో చెవు చెప్తది. వేలు ఆడికి పోతది. ఒత్తకు బిడ్డా. తంతి నీకు పగోడు కాదు.”

హేమాంగదుడు కిన్నెరను మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు. చెవి సొరబుర్రకు ఆనించాడు. అలసిపోవడం వేరు, ఒళ్ళు వదిలేయడం వేరు. ఏడాదిగా అలసిపోయిన ఈ మనిషి ఏడాదిగా దవడ బిగించుకునే ఉన్నాడు. నిద్రలో కూడా పిడికిలి విప్పలేదు. ఇప్పుడు దవడ వదిలాడు. చెవుల దాకా ఎక్కి కూర్చున్న భుజాలను కిందికి దిగనిచ్చాడు. వెదురును పీకనొక్కినట్టు పట్టుకున్న బొటనవేలిని సడలించాడు. కిన్నెర కింద పడలేదు. ఇంతకాలం అది పడుతుందనే అతని భయం.

ఒక్క మీటు మీటాడు. విన్నాడు.

ముందు తంతి మోగింది. అది తగ్గాక బుర్రల్లో గుమ్మని ఇంకొక నాదం ఉన్నట్టు తెలిసింది. ఆరునెలలుగా మోస్తున్న కిన్నెరలో అది ఉందని అతనికి తెలియనే తెలియదు. అదీ సన్నగిల్లాక గోడ వెంట రాయి మరిగే చప్పుడు, సిద్దవ్వ ముక్కు ఎగబీల్చడం, తన గుండె. అన్నిటికీ అడుగున ఇంకొకటి. పొలుసుకు పొలుసు రాసుకునే గరగర. వేగంగా, భయంభయంగా. అది అలుగు ఊపిరి.

ఆ ఊపిరి వదిలే చోటు చూసుకుని రెండో మీటు మీటాడు. మళ్ళీ విన్నాడు. మూడో మెట్టు తావు తప్పి ఉంది. దాన్ని సరిచేయలేదు. స్వరం ఎక్కడుందో వింటూ వేలిని అక్కడికి జరిపాడు. వేలు తంతి మీద నీళ్ళ మీద ఆకులా ఆనింది, అంతే. స్వరం పలికింది. పెద్ద గొప్పగా ఏమీ లేదు. కాని అది నిజమైన స్వరం.

పాట వాయిద్దామని అతను అనుకోలేదు. అలుగు ఊపిరి తీసుకుంటే ఆగాడు, వదిలితే మీటాడు. కాసేపటికి ఎవరు ఎవరి వెంట వెళుతున్నారో తెలియకుండా పోయింది. అతను ఒకింత నిదానించాడు. గరగర కూడా ఒకింత నిదానించింది. నిక్కబొడుచుకున్న పొలుసులు ఒకదాని మీద ఒకటి వాలాయి. ఆ కిన్నెర మెట్లు దాని జాతివే. ఆ పొలుసుల మీద తంతి పలికే పలుకులో ఎన్నడో పోగొట్టుకున్న తల్లి వాసన తగిలిందో ఏమో, చుట్టలోంచి ముందు ఒక చిన్నచెవి బయటికి వచ్చింది. ఏనుగంత ఒంటికి తమలపాకంత చెవి.

ఇక్కడే చెడిపోయేది. ఆ చెవిని చూసిన సంతోషంలో హేమాంగదుడి వేలు బిగిసింది. ఏడో మెట్టు జారి స్వరం కీచుమంది. చెవి గబుక్కున లోపలికి పోయింది. పాతవాడైతే వేగం పెంచేవాడు. ఇప్పుడతను ఆ కీచును కూడా చివరిదాకా విన్నాడు. అది అణగిపోయింది. తప్పులు కూడా అణగిపోతాయని అతనికి అప్పుడే తెలిసింది. బొటనవేలు సడలించి, మళ్ళీ ఒక్క మీటు మీటాడు.

ఎండబిళ్ళ కప్పుకు బారెడు దూరానికి చేరింది. తోక సడలింది. తర్వాత మెడ. మెత్తబడిన మెట్లు ఒకటొకటిగా రాలిపోతున్నాయి. ఎనిమిదోది ఒళ్ళో పడింది, రెండోది నేల మీద పడింది. పడినప్పుడల్లా అతను మిగిలిన వాటితో సర్దుకున్నాడు. ఆఖరికి ఒక్క మెట్టే ఉంది. అదీ రాలాక వట్టితంతి మిగిలింది. సరిపోయింది. అలుగు పెద్ద నిట్టూర్పు విడిచి, ఒళ్ళు విరుచుకుని, పందిట్లో చాప పరిచినట్టు గుహ నేలంతా బారుగా పరుచుకుంది. దాని పొత్తికడుపు దగ్గర, నేల మీద, మట్టిప్రమిద. అందులో బియ్యపుగింజంత మంట.

హేమాంగదుడు లేవలేడు. లేస్తే తంతి ఆగుతుంది. సిద్దవ్వ లేచింది. మోకాళ్ళను తిట్టుకుంటూ, గోడ పట్టుకుంటూ, ఆ అలుగు కాళ్ళ మధ్య నుంచి నడిచింది. ప్రమిద అడుగున చమురు మెరుపు కూడా లేదు. ఆమె పళ్ళతో బుడ్డి మూత ఊడబెరికి మోకాళ్ళ ఆముదం మొత్తం అందులో పోసింది. మంట వణికింది, తలవంచింది, ఇక లేదనిపించింది. తర్వాత నెమ్మదిగా నిలబడింది. హేమాంగదుడు అదంతా చూస్తున్నాడు, కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. చెయ్యి మాత్రం తొణకలేదు.

అంతలో ఎండబిళ్ళ మాయమైంది.

కప్పు అందుకోవడానికి ఇంకా జానెడు ఉంది. వత్తి మసి కోసం ఇవాళ ముందే తిరిగివచ్చిన గద్ద నీడ బావినోటికి అడ్డం వచ్చింది. కరాళజిహ్వుడు లోపలికి తొంగిచూశాడు. ఏం జరిగిందో ఒక్క చూపులో గ్రహించాడు. మంత్రం ఏదో గొణిగాడు. తాటిచెట్టంత గొలుసు పైనుంచి తెగి కొండంత మోతతో కూలింది. స్ఫటిక స్తంభాలు ఫెళఫెళ విరిగాయి. గోడల వెంట మరుగుతున్న రాయి కట్టలు తెంచుకుని గుహ నడుమకు పొంగింది. బావినోరు మీద ఒక బండ దొర్లి మూసుకుపోయింది.

అంత మోతకు అలుగు బెదిరింది. చుట్ట చుట్టుకుంది. ఈసారి చుట్టలో దీపం ఒక్కటే లేదు. దీపం పట్టుకున్న సిద్దవ్వ, కిన్నెర పట్టుకున్న హేమాంగదుడు కూడా ఉన్నారు. బయట నిప్పు వచ్చి పొలుసుల మీద చిట్లింది. లోపల పచ్చిమట్టి వాసన, వెచ్చని ఊపిరి, ఆముదపు దీపం.

హేమాంగదుడు దాని కడుపు మీద చెయ్యి వేశాడు. తంతిని ఒక్కసారి మీటి, అణగిపోయేదాకా ఆగాడు. నిప్పులో కూర్చుని అలా ఆగడం ఎంత కష్టమో చెప్పనలవి కాదు. అలుగు వణుకు తగ్గింది. తర్వాత అది తన జాతికి తెలిసిన పని ఒకటి, కొరడా కింద మరిచిపోయిన పని, జ్ఞాపకం తెచ్చుకుంది. ముందుకాళ్ళ గోళ్ళు నేలకు ఆనించి తవ్వడం మొదలుపెట్టింది. గునపాలు వంగిన ఆ నేల దాని గోళ్ళ కింద పిండిలా లేచింది. ఏనుగు పట్టే సొరంగం ఒకటి కొండ పునాదిలోకి దిగిపోయింది. వీళ్ళు దాని తోక పట్టుకుని వెనకే పాకారు. వాళ్ళ వెనక మట్టి కూలి నిప్పుకు దారి మూసుకుంది.

చాలాదూరం పాకాక అలుగు ఊపిరి పీల్చుకోవడానికి ఆగింది. ముగ్గురిలో ఎవరిలోనూ ఇక కదిలే సత్తువ లేదు. సిద్దవ్వ దీపాన్ని అతని చేతికిచ్చి గోడకు చేరగిలబడింది. హేమాంగదుడు దీపం వంక చూశాడు. మంట నిటారుగా ఉంది. గాలి లేదు. అయినా కొస కొంచెం కొంచెం కదులుతోంది. నిన్నటి హేమాంగదుడైతే చమురు చూసుకుని ఊరుకునేవాడు. ఇవాళ అతను కిన్నెర బుర్రకు ఆనించినట్టే చెవి దగ్గరగా పెట్టాడు. చెంప చుర్రుమంది. తీయలేదు.

వత్తి చిటపటల అడుగున, పురుగు కూతకన్నా సన్నగా, ఒక గొంతు ఉంది. ఏడాదిగా అదే మాట అంటూ ఉన్నట్టుంది.

“అన్నా, ఒక్కమాట.”

“చెప్పమ్మా,” అన్నాడు హేమాంగదుడు. “వింటున్నాను.”

“అన్నా,” అని మంట మరోసారి పిలిచింది. నమ్మలేదు కాబోలు.

“నాన్నగారికి మందిచ్చే సోమకాంతుడు ఆవులిస్తుంటే చూశానన్నా. నాలుక బొగ్గులా నల్లగా ఉంది. ఆ సంగతి చెబుదామనే వచ్చాను.”

హేమాంగదుడు ఒక్కొక్కటే కలుపుకున్నాడు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా తండ్రి మంచం పక్కన కూర్చునే వైద్యుడు. పొద్దు పొడవగానే గుహ వదిలి, పొద్దు గూకేవేళకు తిరిగివచ్చే గద్ద. ఒంట్లోంచి ఏడాదిపాటు వదలని ఆ అలుపు. నడుముకున్న గుళికల సంచి విప్పి మట్టిలో పారబోశాడు. ఆ నల్లటి గుళికలను సిద్దవ్వ చూసింది. వాటి మీద ఇంత మట్టి కాలితో తోసింది.

ఇన్నాళ్ళూ కరాళజిహ్వుడికి తొందర లేదు. కాటుక చేతికి వచ్చేదాకా రాజును కొంచెం కొంచెంగా చంపుతూ కూర్చున్నాడు. ఇప్పుడు కాటుక లేదు. యువరాజు చావలేదేమోనన్న అనుమానం కూడా వాడికి ఉంటుంది. ఇక ఆగడు.

హేమాంగదుడు మెట్లు లేని కిన్నెరను వీపుకు కట్టుకుని, దీపానికి అరచెయ్యి అడ్డం పెట్టి, అలుగు చెవి దగ్గరికి వంగాడు. మణిమంతం ఏ దిక్కున ఉందో చెప్పాడు. అలుగు మళ్ళీ తవ్వసాగింది. మణిమంతం మూడువందల యోజనాల అవతల ఉంది. అక్కడ, రేపు పొద్దు పొడవగానే, ఒక ముసలి రాజు, కొడుకు తనకోసం నియమించిన వైద్యుణ్ణి చూసి నవ్వి, రోజూలాగే మందు కోసం నోరు తెరుస్తాడు.